అమెరికాలో పాత సైనిక రైఫిల్ కొనేముందు: ఏది ఎవరికి పనికొస్తుంది, చట్టం దేన్ని ఎలా చూస్తుంది

సైన్యం వాడి పక్కన పెట్టిన రైఫిల్ కొనాలనుకునేవాళ్లు చాలామంది పేరుతో మొదలుపెడతారు. గారండ్ కావాలి, మౌజర్ కావాలి, మోసిన్ కావాలి అంటారు. అలా మొదలుపెడితే డబ్బు దండగయ్యే అవకాశం ఎక్కువ, కొన్నిసార్లు తెలియకుండానే నేరం కూడా జరిగిపోతుంది. ముందు చూడాల్సింది ఆ రైఫిల్ చట్టం లెక్కలో ఏ వర్గంలోకి వస్తుందని. తర్వాత అది కాల్చడానికి పనికొచ్చే స్థితిలో ఉందా అని. పేరు, చరిత్ర, అందం ఆ తర్వాతి సంగతి. ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పుకోవాలి. పాత సైనిక రైఫిల్‌ని ఎంత తక్కువ మారిస్తే అంత మంచిది. దాని ధర నిలబడేది అసలు రూపంలో ఉన్నందువల్లే. చాలా సందర్భాల్లో దానికి చట్టపరమైన రక్షణ ఇచ్చేది కూడా ఆ అసలు రూపమే.

మెషిన్ గన్ దగ్గరున్న గీత

అమెరికా ఫెడరల్ చట్టంలో అన్నిటికంటే గట్టి గీత మెషిన్ గన్ దగ్గర ఉంది. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకటికి మించి తూటాలు పేలితే అది మెషిన్ గన్. 1986 మే 19 నాటికి చట్టబద్ధంగా నమోదై ఉన్నవి తప్ప మిగతావి సామాన్య పౌరుడు కొనడానికి వీల్లేదు. దీంతోపాటు ఇంకో నియమం ఉంది. ఒక రిసీవర్ (మిగతా భాగాలన్నీ బిగించే ప్రధాన ఇనుప దిమ్మ) మెషిన్ గన్‌గా తయారైందంటే, తర్వాత లోపలి భాగాలు తీసేసి సెమీ ఆటోమేటిక్ (ఒక నొక్కుకు ఒక్క తూటానే పేలేది) చేసినా, తుపాకీ చట్టాలను అమలుచేసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ దాన్ని మెషిన్ గన్‌గానే లెక్కిస్తుంది.

1957లో అమెరికా సైన్యం తీసుకున్న ఎం14, ఆ తర్వాత వచ్చిన ఎం16 మిగులు నిల్వల్లోంచి పౌరుల చేతికి రాకపోవడానికి కారణం ఇదే. దుకాణాల్లో కనిపించే ఎం1ఏ అనేది వేరే రిసీవర్ మీద పౌరుల కోసమే చేసిన సెమీ ఆటోమేటిక్. మంచి రైఫిలే, కానీ సైన్యం వాడినది కాదు. "అసలైన ఎం14, సెమీకి మార్పించాం" అని ఎవరైనా అమ్మజూపితే అక్కడితో మాట ఆపేయండి. ఎఫ్ఏఎల్, ఏకే లాంటివి కూడా అంతే. సైనిక రిసీవర్ ముక్కలు చేసి, మిగిలిన భాగాలను కొత్త రిసీవర్‌కి బిగించినవే మార్కెట్లో ఎక్కువ. అమెరికా సైన్యపు ప్రామాణిక రైఫిళ్లలో, సైనికుడు పట్టుకున్న అదే రూపంలో పౌరుడు కొనగలిగే చివరిది ఎం1 గారండ్. దాని విలువ అంతగా పెరగడానికి ఇదొక కారణం.

ముందు మీ వీసా చూసుకోండి

హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. అందులో ఎక్కువమంది వాడేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. ఆ లైసెన్స్ గడువు దాటిన రోజు నుంచి ఇంట్లో ఉన్న రైఫిల్ చట్టవిరుద్ధం అవుతుంది. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా కలిగి ఉండటం కిందకే వస్తుంది. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర నింపే ఫారం 4473లో పౌరసత్వం, వీసా వివరాలు అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అదే వేరే నేరం. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అది చాలు. స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం ఇంకా పెద్ద నేరం, కొన్నవాడిని, కొనిపించుకున్నవాడిని ఇద్దరినీ పట్టుకుంటుంది.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు డీలర్ దగ్గర మామూలుగా కొనుక్కోవచ్చు. డీలర్ నుంచి రైఫిల్ కొనడానికి ఫెడరల్ కనీస వయసు 18 ఏళ్లు. కొన్ని రాష్ట్రాలు 21 అంటాయి.

కొన్నాక ఇండియాకి తీసుకెళ్దామనే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. అమెరికా వైపు ఎగుమతి అనుమతి కావాలి. ఇండియా వైపు .303, 7.62 రెండూ నిషిద్ధ బోరు కిందకు వస్తాయి. 1959 ఆయుధ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప పౌరుడు వాటిని ఉంచుకోకూడదు.

1898, యాభై ఏళ్లు, సీఎంపీ

1898లో గానీ అంతకుముందు గానీ తయారైన రైఫిల్ ఫెడరల్ చట్టంలో యాంటీక్. తుపాకీ అనే నిర్వచనంలోకే రాదు కాబట్టి ఫారం 4473 అక్కర్లేదు. లెక్కలోకి వచ్చేది రిసీవర్ తయారైన సంవత్సరం, బ్యారెల్‌ది కాదు. అందుకే ఫిన్లాండ్ వాళ్లు 1940ల్లో కూర్చిన ఎం39 మోసిన్లలో కూడా కొన్ని యాంటీక్‌లే. రష్యా నుంచి వచ్చిన పాత రిసీవర్లనే మళ్లీ వాడారు మరి. ఆ తేదీ బయటికి కనబడదు. స్టాక్ (చెక్క భాగం) స్క్రూలు విప్పి యాక్షన్ (లోపలి ఇనుప భాగం) బయటికి తీసి, వెనక టాంగ్ (రిసీవర్ తోక) అడుగున చూడాలి. "1890ల నాటిది" అని నోటిమాటగా చెప్పినదానికి ఎక్కువ డబ్బు ఇవ్వకండి, ఆ అడుగుభాగం ఫొటో అడగండి. రాష్ట్ర చట్టం యాంటీక్‌ని వేరేగా చూడవచ్చన్నది గుర్తుంచుకోండి.

తయారై యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్నది క్యూరియో అండ్ రెలిక్. దీని కోసం టైప్ 03 కలెక్టర్ లైసెన్స్ ఉంది. వయసు 21 దాటి ఉండాలి, మూడేళ్లకు ఫీజు 30 డాలర్లు, దరఖాస్తు కాపీ ఒకటి స్థానిక పోలీస్ అధికారికి పంపాలి. ఈ లైసెన్స్ ఉంటే వేరే రాష్ట్రం నుంచి కూడా ఇలాంటి రైఫిల్‌ని నేరుగా ఇంటికి తెప్పించుకోవచ్చు, మీ రాష్ట్రం ఒప్పుకుంటే. బదులుగా ప్రతి రాకా పోకా ఒక పుస్తకంలో రాయాలి. కొని అమ్మే వ్యాపారానికి ఇది పనికిరాదు. ఒక్క రైఫిల్‌తో ఆగిపోయేవాళ్లకు ఇది దండగ. మూడు నాలుగు కొనాలనుకునేవాళ్లకు డీలర్ బదిలీ ఫీజుల్లోనే డబ్బు వెనక్కి వస్తుంది.

ఇక సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్, అందరూ సీఎంపీ అంటారు. సైన్యపు మిగులు రైఫిళ్లను పౌరులకు అమ్మేది ఇదే. దీని మూలాలు 1903లో కాంగ్రెస్ వేసిన రైఫిల్ ప్రాక్టీస్ బోర్డులో ఉన్నాయి. 1996 నుంచి ప్రభుత్వం బయట నడిచే సంస్థ. అలబామాలోని అనిస్టన్‌లోనూ ఒహైయోలోని క్యాంప్ పెర్రీలోనూ దుకాణాలున్నాయి. గారండ్ కొనాలంటే అమెరికా పౌరసత్వం, 18 ఏళ్లు, సీఎంపీకి అనుబంధమైన క్లబ్‌లో సభ్యత్వం, తుపాకీ కాల్చిన అనుభవానికి రుజువు కావాలి. నేపథ్య తనిఖీ వాళ్లే చేయించి చాలా రాష్ట్రాల్లో నేరుగా ఇంటికి పంపుతారు. గ్రీన్ కార్డ్ మీద ఉన్నవాళ్లకు ఈ దారి మూసే ఉంటుంది. పౌరసత్వం వచ్చినవాళ్లు మాత్రం గారండ్ కోసం మొదట ఇక్కడే చూడాలి. రిసీవర్ నకిలీదేమో, అతుకు వేసిందేమో అన్న భయం ఉండదు, బ్యారెల్ కొలత కూడా గ్రేడ్‌తోపాటు తెలుస్తుంది.

ఎం1 గారండ్

స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో జాన్ గారండ్ రూపొందించాడు, 1936లో సైన్యం తీసుకుంది. .30-06 తూటా, ఎనిమిది తూటాల ఇనుప క్లిప్, నాలుగున్నర కిలోలకు కాస్త తక్కువ బరువు. యుద్ధకాలంలో స్ప్రింగ్‌ఫీల్డ్, వించెస్టర్ చేశాయి. 1950లలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్, హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ కూడా చేశాయి. వించెస్టర్ ముద్రకు ఎక్కువ ధర పలుకుతుంది. కానీ కాల్చడానికే అయితే 1950లలో చేసినవి ఎక్కువ నమ్మకం.

చట్టం వైపు నుంచి దీనికున్న పెద్ద బలం, మ్యాగజీన్ ఊడదు, పట్టేది ఎనిమిదే. పది తూటాల పరిమితి ఉన్న రాష్ట్రాల్లో కూడా, ఊడే మ్యాగజీన్ ఉన్న సెమీ ఆటోమేటిక్‌ల మీద ఆంక్షలున్న చోట కూడా ఇది చాలావరకు నిలబడుతుంది. "సౌకర్యం కోసం" అని దీనికి బాక్స్ మ్యాగజీన్ పెట్టించుకుంటే ఆ బలం పోయినట్టే.

ఇప్పుడు పాడయ్యేవి. గారండ్‌లో బ్యారెల్ చివరి నుంచి గ్యాస్ వచ్చి పొడవాటి ఆపరేటింగ్ రాడ్‌ని వెనక్కి తోస్తుంది. ఆ రాడ్ వంకర ఆకారంలోనే ఉంటుంది, బలం మోతాదు మించితే ఇంకా వంగుతుంది. సైన్యపు ఎం2 బాల్ తూటాలో బుల్లెట్ 150 గ్రెయిన్ల (తూటాల బరువు కొలత) చుట్టూ ఉంటుంది. దానికి తగ్గ మందుకే ఈ యంత్రం అమర్చారు. వేట కోసం అమ్మే ఈనాటి .30-06లో, ముఖ్యంగా 180 గ్రెయిన్లు, ఆపై బరువున్న వాటిలో, నెమ్మదిగా కాలే మందు వాడతారు. బుల్లెట్ గ్యాస్ రంధ్రం దాటే సమయానికి అక్కడ ఒత్తిడి ఇంకా ఎక్కువగానే ఉంటుంది. పెట్టె మీద గారండ్ కోసమని రాసిన తూటాలు కొనండి, లేదా గ్యాస్ వదిలేసే సర్దుబాటు ప్లగ్ బిగించండి. ఆ ప్లగ్ ఎప్పుడైనా తీసేసి పాతది పెట్టుకోవచ్చు కాబట్టి అసలు రూపానికి ఏ నష్టమూ లేదు.

బొటనవేలు బోల్ట్ (తూటా వెనక మూసుకునే ఇనుప దిమ్మ) కింద నలగకుండా చూసుకునే సంగతి. క్లిప్‌ని కిందికి నొక్కేటప్పుడు అరచేతి అంచుతో ఆపరేటింగ్ రాడ్ పిడిని వెనక్కి పట్టుకోవాలి. క్లిప్ టక్కున కూర్చున్నాక బొటనవేలు పైకి తీసి, అప్పుడు పిడి వదలాలి. బోల్ట్ పూర్తిగా మూసుకోకపోతే పిడిని అరచేతి మడమతో ముందుకు కొట్టాలి. ఒక్క తూటాని చేత్తో ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) పడేసి బోల్ట్ ధడాలున వదలొద్దు. ఫైరింగ్ పిన్‌కి స్ప్రింగ్ లేదు, ఆ వేగానికి పిన్ ముందుకు జారి ప్రైమర్‌ని (తూటా అడుగున మందుని రాజేసే భాగం) తాకుతుంది, తూటా పేలవచ్చు. కదిలే చోట్ల నూనె సరిపోదు, గ్రీజు కావాలి. బోల్ట్ చెవుల మీద, రాడ్ నడిచే గాడిలో పలుచగా రాయండి.

బయటి మార్కెట్లో కొంటే అతుకు రిసీవర్ గురించి జాగ్రత్త. ఒకప్పుడు సైన్యం ముక్కలు చేసి తుక్కు కింద అమ్మిన రిసీవర్లను కొందరు రెండు సగాలు కలిపి వెల్డ్ చేసి అమ్మారు. లోపలి గోడల్లో, బోల్ట్ వెనక్కి లాగితే కనిపించే పక్కల్లో రంగు తేడా, ఉబ్బెత్తు గీత, ఫైల్‌తో రుద్దిన గుర్తులు వెతకండి. అనుమానం వస్తే కాల్చొద్దు, కొనొద్దు.

ఎం1 కార్బైన్

గారండ్‌కి తమ్ముడనుకుంటారు గానీ యంత్రం వేరు, తూటా వేరు. రెండున్నర కిలోలు, దెబ్బ తక్కువ, కొత్తగా నేర్చుకునేవాళ్ల భుజానికి హాయి. కానీ చట్టం వైపు ఇదే ఎక్కువ చిక్కు తెచ్చేది. మ్యాగజీన్ ఊడుతుంది, మామూలుగా పట్టేది 15 లేదా 30. న్యూయార్క్‌లో ఊడే మ్యాగజీన్ ఉన్న సెమీ ఆటోమేటిక్‌కి బయొనెట్ (బ్యారెల్ చివరి కత్తి) బిగించే లగ్ ఉంటే చాలు, నిషేధ జాబితాలో పడుతుంది. కార్బైన్లలో చాలావాటికి తర్వాత రిపేరు షాపుల్లో ఆ లగ్ వేశారు. న్యూజెర్సీలో పేరు పెట్టి మరీ నిషేధించారు.

ఇంకోటి మరీ ముఖ్యం. దీనికి ఎం2 అనే ఆటోమేటిక్ రూపం ఉంది, రెండింటి భాగాలు చాలావరకు ఒకటే. పాత కార్బైన్ల లోపల ఎం2 భాగాలు కనిపించడం అరుదు కాదు. అలాంటివి ఒక రైఫిల్‌తో కలిసి ఉంటే ఏటీఎఫ్ దృష్టిలో మెషిన్ గన్ కేసు అయ్యే ప్రమాదం ఉంది. కొనేముందే తెలిసిన గన్‌స్మిత్ చేత లోపల చూపించండి.

తూటా లోపలికి సరిగా ఎక్కడం లేదంటే ముందు మ్యాగజీన్ మార్చి చూడండి, తర్వాత రీకాయిల్ స్ప్రింగ్. పదిలో ఎనిమిదిసార్లు తప్పు ఆ రెండింటిలోనే ఉంటుంది.

ఎస్‌కేఎస్

సోవియట్ డిజైన్ సెమీ ఆటోమేటిక్. 7.62×39 తూటా, పది పట్టే స్థిర మ్యాగజీన్, దృఢమైన నిర్మాణం. ధర గారండ్ కంటే తక్కువ. చైనా నుంచి దిగుమతి 1994లో ఆగిపోయింది, కాబట్టి ఉన్నవే చేతులు మారుతున్నాయి. చైనావాటికి సాధారణంగా బ్యారెల్ లోపల క్రోమ్ పూత ఉంటుంది. యుగోస్లావ్ ఎం59/66కి ఉండదు. దాని బ్యారెల్ చివర గ్రనేడ్ లాంచర్, పక్కన గ్యాస్ వాల్వ్ ఉంటాయి. వాల్వ్ సగం తెరిచి ఉంటే రైఫిల్ తనంతట తాను మళ్లీ లోడ్ కాదు, కొత్తవాళ్లు రైఫిల్ పాడైందనుకుంటారు. ఆ లాంచర్ ఉన్నందుకే కాలిఫోర్నియాలో అది కుదరదు. ఊడే మ్యాగజీన్ పెట్టిన ఎస్‌కేఎస్ కూడా అక్కడ నిషేధమే.

ఎక్కువ మందిని చిక్కుల్లో పడేసేది ప్లాస్టిక్ స్టాక్, 30 తూటాల మ్యాగజీన్ మోజు. అసలు రూపంలో ఉన్నంతవరకు పాత ఎస్‌కేఎస్‌లు క్యూరియో అండ్ రెలిక్. ఆ మార్పులు చేసిన క్షణం ఆ రక్షణ పోతుంది, సెక్షన్ 922(ఆర్) మీద పడుతుంది. ఆ నియమం ప్రకారం దిగుమతి చేసిన సెమీ ఆటోమేటిక్‌లో, జాబితాలోని ఇరవై భాగాల్లో విదేశీవి పదికి మించకూడదు. అంటే ఒక్క ప్లాస్టిక్ ముక్క కోసం లోపల ఇంకెన్నో అమెరికా తయారీ భాగాలు మార్చాల్సి వస్తుంది. చెక్క స్టాక్‌తోనే ఉంచండి.

కొన్న వెంటనే బోల్ట్ విప్పండి. దశాబ్దాల పాటు నిల్వ ఉంచడానికి పూసిన కాస్మోలిన్ గ్రీజు ఫైరింగ్ పిన్ దారిలో గట్టిపడి ఉంటుంది. పిన్ ముందుకు ఇరుక్కుపోతే బోల్ట్ మూసుకున్న ప్రతిసారీ తూటా పేలుతుంది, ట్రిగ్గర్ వదిలేసినా ఆగదు. శుభ్రం చేశాక బోల్ట్‌ని చెవి దగ్గర ఊపండి. పిన్ లోపల గలగలా కదలాలి. శబ్దం రాకపోతే మళ్లీ శుభ్రం చేయండి, ఒక్క తూటా కూడా పెట్టొద్దు.

బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు

రాష్ట్ర చట్టాలు కఠినంగా ఉన్నచోట ఉండేవాళ్లకు మా మొదటి సలహా వీటివైపే. సెమీ ఆటోమేటిక్‌ల మీద వచ్చే నిషేధాలు ఇలినాయ్‌లో 2023లో వచ్చినదానితో సహా, చేత్తో బోల్ట్ లాగే రైఫిళ్లను ముట్టుకోవు. అనుమతి కార్డులు మాత్రం వీటికీ కావాలి: ఇలినాయ్‌లో ఫాయిడ్ కార్డు, న్యూజెర్సీలో కొనుగోలుదారు గుర్తింపు కార్డు, మసాచుసెట్స్‌లో లైసెన్స్.

మోసిన్-నాగంట్ 91/30 ఒకప్పుడు వంద డాలర్లలోపు దొరికేది, ఇప్పుడా రోజులు లేవు. కాబట్టి "చౌక" అనే కారణంతో దీన్ని ఎంచుకోవడంలో అర్థం లేదు. సోవియట్ ఆర్సెనల్‌లో (ఆయుధశాలలో) మరమ్మతు చేసినవాటిలో బోల్ట్, మ్యాగజీన్ మూత మీద నంబర్లు కొత్తగా కొట్టి కలిపారు. "నంబర్లన్నీ కలిశాయి" అనే మాటకి ఇక్కడ అదనపు ధర లేదు. బోల్ట్ తెరవడానికి అరచేత్తో కొట్టాల్సి వస్తోందంటే ఎక్కువగా ఛాంబర్‌లో మిగిలిన కాస్మోలిన్ వేడికి మెత్తబడి జిగురవడమే కారణం. ఇత్తడి బ్రష్‌ని క్లీనింగ్ రాడ్ ముక్కకి తగిలించి, సాల్వెంట్ తడిపి ఛాంబర్‌లో బాగా తిప్పితే పోతుంది. గురి ముఖ్యమైతే కాస్త ఎక్కువ పెట్టి ఫిన్లాండ్ ఎం39 తీసుకోండి.

లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 పది తూటాలు పడుతుంది, బోల్ట్ వేగం ఈ జాబితాలో దీనిదే. .303 తూటా అంచు మీద నిలుస్తుంది కాబట్టి హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ ఛాంబర్‌లోని తూటాకీ మధ్య ఖాళీ) బోల్ట్ తలతో సరిచేస్తారు. తలల మీద 0 నుంచి 3 వరకు అంకె ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ పొడవు పెరుగుతుంది. బోల్ట్ పిడి మీది నంబర్, రిసీవర్ మీది నంబర్ ఒకటి కాకపోతే గేజ్ పెట్టకుండా కాల్చొద్దు. రిసీవర్ మీదో బ్యారెల్ మీదో డీపీ అని ముద్ర ఉంటే అది కవాతు కోసం పక్కన పెట్టింది. గోడకి బాగుంటుంది, ఛాంబర్‌లో తూటా పెట్టకూడదు.

మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన 2ఏ, 2ఏ1 ఇక్కడ దొరుకుతాయి. పాత .303ని 7.62 నాటోకి మార్చినవని చాలామంది రాస్తుంటారు, అది తప్పు. 1960లలో మెరుగైన ఉక్కుతో కొత్తగా చేసినవి. పెట్టెలాంటి నలుచదరపు మ్యాగజీన్ చూస్తే వెంటనే గుర్తుపట్టవచ్చు. 2ఏ సైట్ 2000 వరకు, 2ఏ1 సైట్ 800 వరకు అంకెలు చూపుతాయి. వీటిలో సైనిక బరువు 7.62 నాటో తూటాలే వాడండి. వేట కోసం బాగా దట్టించిన .308కి ఈ వెనక తాళపు బోల్ట్ తగదు. ఇక్కడ మామూలు పౌరుడు కొనుక్కోగల ఈ రైఫిల్, తయారైన దేశంలో నిషిద్ధ బోరు.

జర్మన్ మౌజర్ కే98కే అంటే ధర నంబర్ల మీద నడుస్తుంది. భాగాలన్నీ ఒకే నంబర్‌వి అయితే ఇక్కడ చెప్పుకున్న అన్నిటికంటే ఖరీదు. సోవియట్లు యుద్ధంలో పట్టుకున్నవి తక్కువకే వస్తాయి. రిసీవర్ మీద ఎక్స్ ముద్ర, ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో గీకిన నంబర్లు, మొత్తం ముంచి తీసినట్టున్న నల్ల పూత వాటి గుర్తులు. కాల్చడానికే అయితే ఇవి, లేదంటే యుగోస్లావ్ ఎం48 చాలు. అయితే ఎం48 యాక్షన్ కాస్త పొట్టి, బోల్ట్ కే98కేకి సరిపోదు.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఎం1903 కొనేముందు సీరియల్ నంబర్ చూడటం ప్రాణానికి సంబంధించిన విషయం. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చేసినవాటిలో 8,00,000 కంటే తక్కువ, రాక్ ఐలాండ్‌లో చేసినవాటిలో 2,85,507 కంటే తక్కువ నంబర్లున్న రిసీవర్లు వేడి చికిత్స సరిగా కుదరక పెళుసుగా ఉన్నాయి. వాటిని కాల్చొద్దని సీఎంపీ కూడా చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు 1903ఏ3కి ఈ సమస్య లేదు, వెనక పీప్ సైట్ కూడా గురికి మేలు.

స్విస్ కే31 గురించి ఒక్క మాటలో: వీటన్నిటిలో అత్యంత నేర్పుగా చేసింది ఇదే. బోల్ట్ తిప్పక్కర్లేదు, సూటిగా వెనక్కి లాగి ముందుకు తోస్తే చాలు. ఆరు తూటాల ఊడే మ్యాగజీన్. సైన్యపు జీపీ11 తూటా తుప్పు పట్టించదు, గురి అద్భుతం. స్టాక్ కింది భాగం గీతలు పడి వికారంగా ఉండటం మామూలే, బ్యారెల్ లోపల మాత్రం తరచూ అద్దంలా ఉంటుంది. బట్ ప్లేట్ రెండు స్క్రూలు విప్పి చూడండి. అడుగున ఆ సైనికుడి పేరు, దళం రాసిన చిన్న చీటీ ఇంకా ఉండవచ్చు. దాన్ని తీయొద్దు, ఫొటో తీసి మళ్లీ బిగించండి. ఇబ్బందల్లా తూటాల లభ్యతే. 7.5×55 ప్రతి దుకాణంలోనూ ఉండదు.

బల్ల మీద చూడాల్సినవి

రైఫిల్ ఖాళీగా ఉందో లేదో మీరే చూసుకున్నాక బోల్ట్ తీసి వెనక నుంచి వెలుతురులో బ్యారెల్ లోపల చూడండి. నల్లగా ఉన్నా రైఫ్లింగ్ గాడులు పదునుగా ఉంటే పర్లేదు. గాడుల మూలల్లో గుంటలుంటే ధర తగ్గించాలి. తర్వాత మూతి, అంటే బ్యారెల్ ముందు చివర. గారండ్, కార్బైన్, ఎస్‌కేఎస్‌లను ముందు నుంచి శుభ్రం చేయాలి కాబట్టి రాడ్ రాపిడికి మూతి అరిగిపోతుంది. మూతి అరిగితే మిగతా బ్యారెల్ ఎంత బాగున్నా తూటాలు ఒకేచోట పడవు. గారండ్‌కి దీనికి గేజ్‌లున్నాయి. సీఎంపీ సర్వీస్ గ్రేడ్ అంటే మూతి అరుగుదల 3 లేదా తక్కువ, గొంతు (ఛాంబర్ ముందు రైఫ్లింగ్ మొదలయ్యే చోటు) అరుగుదల 5 లోపు. మోసిన్‌లలో అరిగిన మూతిని ఆర్సెనల్‌లోనే లోపలికి తొలిచి సరిచేశారు. లోతుగా గుండ్రటి గుంటలా కనిపిస్తే అదే. తప్పు కాదు, కానీ తెలిసి కొనాలి.

హెడ్‌స్పేస్ గేజ్‌లు మీ రైఫిల్ తూటాకి తగ్గవి రెండు చాలు, గో, ఫీల్డ్. ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తూటాని బయటికి లాగే కొక్కెం) అడ్డు రాకుండా చూసి, వేలి బలంతోనే బోల్ట్ మూయండి. గో మీద మూసుకోవాలి, ఫీల్డ్ మీద మూసుకోకూడదు. .30-06కి ఫీల్డ్ గేజ్ 1.950 అంగుళాలు. గట్టిగా తోస్తే గేజ్ కూడా నలుగుతుంది, ఫలితం తప్పు వస్తుంది. గేజ్‌లు లేకపోతే గన్‌స్మిత్‌కి ఇచ్చే ఫీజు రైఫిల్ ధరలో కలుపుకోండి.

దిగుమతిదారు పేరు ముద్ర బ్యారెల్ మీదో రిసీవర్ మీదో ఉంటుంది. కలెక్టర్లు దానికి ధర తగ్గిస్తారు, కాల్చేవాళ్లకి ఏ నష్టమూ లేదు.

తూటా, తుప్పు

పాత సైనిక తూటాల్లో చాలావాటి ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక మిగిలే ఉప్పు గాలిలో తేమ పీల్చుకుని ఒక్క రాత్రిలోనే తుప్పు పట్టిస్తుంది. నూనె ఆ ఉప్పుని కరిగించదు. అమ్మోనియా ఏదో చేస్తుందనే నమ్మకం ఉంది, నిజానికి పని చేసేది అందులోని నీరే. కాల్చిన రోజే వేడినీళ్లు ఛాంబర్ వైపు నుంచి పోయండి, బోల్ట్ ముఖం కడగండి, ఎస్‌కేఎస్ అయితే గ్యాస్ పిస్టన్, ట్యూబ్, వాల్వ్ కూడా. పొడి గుడ్డతో తుడిచి ఆరాక నూనె రాయండి. అమెరికా .30 కార్బైన్ తూటాలు మొదటి నుంచీ తుప్పు పట్టించనివే, కానీ ఎల్‌సీ 52 అని అడుగున ముద్ర ఉన్నవి చైనా నకిలీలు, అవి పట్టిస్తాయి.

8 ఎంఎం మౌజర్‌కి అమెరికా కంపెనీలు చేసేవి కావాలనే మెత్తగా ఉంటాయి. పాత సన్న బ్యారెళ్లలో పొరపాటున వాడినా పేలిపోకూడదని. రేంజ్‌కి వెళ్లేముందు బుల్లెట్‌కి అయస్కాంతం పెట్టి చూడండి. 7.62×39, 7.62×54ఆర్‌లలో ఉక్కు తొడుగు ఉన్నవి ఎక్కువ, చాలా రేంజ్‌లు వాటిని లోపలికి రానివ్వవు.

ఏది తీసుకోవాలి

పౌరసత్వం ఉండి ఒక్కటే కొనదలిస్తే సీఎంపీ గారండ్, సర్వీస్ గ్రేడ్. గ్రీన్ కార్డ్ మీద ఉండి గురి ఇష్టమైతే కే31, ముందుగా మీ ఊళ్లో తూటాలు దొరుకుతాయో లేదో కనుక్కుని. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట నంబర్ 4 గానీ 1903ఏ3 గానీ. తరచూ, తక్కువ ఖర్చుతో కాల్చాలనుకునేవాళ్లకు, చట్టం ఒప్పుకునే రాష్ట్రంలో, చెక్క స్టాక్‌తో ఉన్న చైనా ఎస్‌కేఎస్. కార్బైన్ ఎంచుకునేముందు మీ రాష్ట్రపు జాబితా రెండుసార్లు చదవండి, రాష్ట్రం మారే ఆలోచన ఉంటే వెళ్లబోయే చోటుది కూడా.

కొన్నాక సీరియల్ నంబర్, ముద్రలు, లోపలి భాగాల ఫొటోలు, రసీదు ఒకచోట పెట్టి ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. వీలునామా ద్వారా గానీ వారసత్వంగా గానీ వేరే రాష్ట్రంలోని పిల్లలకు వెళ్తే ఫెడరల్ చట్టం డీలర్ ద్వారానే పోవాలని అడగదు. కానీ తీసుకునేవాళ్లు తుపాకీ కలిగి ఉండటానికి అర్హులై ఉండాలి, వాళ్ల రాష్ట్రం నమోదు అడిగితే ఆ కాగితాలే ముందు కావాలి.